హిమాలయన్ క్లబ్బు: రెండు పట్టికల చరిత్ర

మన సంఘపు ప్రత్యేక సంచికకు ప్రతి సంవత్సరము ఒక చారిత్రక వ్యాసము వ్రాయుట నాకు పరిపాటి యైనది. శాతవాహనులు, కాకతీయులు, విజయనగరము, తంజావూరు నాయకరాజులు అందరును ఇదివరలోనే అయిపోయిరి. ఈ మారు సంపాదకవర్గమువారు "ఏదైన క్రొత్త విషయము వ్రాయుడు" అని చిరునవ్వుతోనే హెచ్చరించిరి. క్రొత్త విషయము నాకు శాసనములలో గాక, నేను స్వహస్తముతో వ్రాసిన యొక నివేదికలో దొరకినది. అది నాకు గౌరవము తెచ్చెడి విషయము కాదు.

మూడేండ్ల క్రిందట దసరా సెలవులలో మన సభ్యులును పిల్లలును కలిసి 13 మందిమి గఢ్వాలులోని హర్-కీ-దూన్ లోయకు కాలినడకను పోయివచ్చితిమి. డెహ్రాడూను వరకు రైలు, సాంక్రీ గ్రామము వరకు బస్సు, ఆపైన నడక. మా డేరాలు, బియ్యము, పప్పు, పొయ్యి, వీటన్నిటికిని మించి మా ఆవకాయ జాడీ మోసినవారు ఐదుగురు కొండవాండ్రు. ఆవకాయ లేనిదే స్వర్గారోహిణీ శిఖరమైనను చూడజాలమని మన స్త్రీలు పట్టుపట్టుటచే ఆ జాడీ ప్రయాణము తప్పినది కాదు. ఢిల్లీకి తిరిగివచ్చిన పిమ్మట యాత్రా నివేదికను నేనే వ్రాసితిని. అందు 13 మంది పేర్లును, హోదాలతో సహా, సీనియారిటీ క్రమమున నున్నవి. చివర "కూలీలు: 5" అని యున్నది. సర్వసభ్య సమావేశమున నేను దానిని చదువుచుండగా, ఒక సభ్యుని కుమార్తె, ఎనిమిదేండ్ల పిల్ల, ముందు వరుసనుండి లేచి, "జాడీ మోసిన మామ పేరు రాయలేదేం, అంకుల్?" అని యడిగినది.

సభలో నవ్వులు చెలరేగినవి. నేనును నవ్వితిని. కాని నాకా పేరు తెలియదు. మా పిల్లలను చేయిపట్టుకొని వాగులు దాటించిన మనుష్యుని పేరు నాకు తెలియదు. జాడీ మాత్రము పగులలేదని నివేదికలో ప్రత్యేకముగా వ్రాసియుంటిని.

ఆ ప్రశ్నయే నన్ను లోడీ ఎస్టేటులోని ఇండియా ఇంటర్నేషనల్ సెంటరు గ్రంథాలయమునకు నడిపించినది. హిమాలయన్ క్లబ్బువారి గ్రంథములు అచట భద్రపరుపబడి యున్నవి. పర్వతారోహణమే ధ్యేయముగా గల పెద్ద సంఘమువారు తమ బరువులు మోసినవారిని ఎట్లు పేర్కొనిరో చూతమని పోయితిని. నా తప్పునకు తోడు దొరకునేమో యను ఆశ కూడ కొంత యుండెనని యొప్పుకొనవలెను. అచట నాకు దొరకినది వేరు.

ఈ క్లబ్బు పుట్టుక సచివాలయోద్యోగులమగు మనకు వినోదము గూర్చును. అది ఏ మంచుకొండ పాదమునను పుట్టలేదు. ఫైళ్ల నడుమ పుట్టినది. అప్పటి భారత ప్రభుత్వము వేసవిలో సిమ్లాకును, చలికాలమున ఢిల్లీకిని తరలుచుండెడిది. వాణిజ్యశాఖ కార్యదర్శియైన జాఫ్రీ కార్బెట్ అను ఐ.సి.యస్. ఉద్యోగి (పులుల కథలు వ్రాసిన జిమ్ కార్బెట్ వేరు), సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన మేజరు కెనెత్ మేసన్, మరికొందరు మిత్రులు కొండలపై మక్కువ గలవారు. 1927 అక్టోబరు 6వ తేదీన సిమ్లాలో జాఖూ కొండ వెనుకబాటలో, చిరకాలము మాటలలోనే నిలిచిన ఆలోచనను ఇక కార్యరూపమున పెట్టవలెనని వారు నిశ్చయించుకొనిరట. కార్బెట్ స్వయముగ ఈ వృత్తాంతము వ్రాసియున్నాడు. ఆఫీసు ముగిసిన పిమ్మట నడకకు పోయి సంఘములు స్థాపించు వ్యసనము మనకు మాత్రమే గలదనుకొంటిని, పూర్వులకును కలదన్నమాట.

చిరకాలమనుట అతిశయోక్తి కాదు. లండనులో ఆల్పైన్ క్లబ్బు 1857లోనే వెలసినది. హిమాలయమునకు అట్టి సంఘము కావలెనను ప్రతిపాదన 1866లోనే బెంగాలు ఏషియాటిక్ సొసైటీ ముందునకు వచ్చినది. అరువదేండ్లు అది మాటగనే యుండిపోయినది. కారణము ఊహింపదగినదే. ఉద్యోగి సెలవు పెట్టి కొండలకు పోవును. ఏ కనుమలో మంచు ఎప్పుడు కరగునో, ఏ గ్రామమున మనుష్యులు దొరకుదురో, ఏ వంతెన కూలినదో తెలిసికొనును. ఇంతలో బదిలీ యగును, లేదా పింఛను పుచ్చుకొని ఓడ యెక్కును. అతని జ్ఞానము అతనితోనే పోవును. వెనుక వచ్చినవాడు మరల మొదటి మెట్టునుండి ప్రారంభింపవలెను. కార్బెట్, మేసన్‌లు సాధింపదలచినది శిఖరము కాదు. ఈ జ్ఞానమును ఒకచోట కూడబెట్టుట.

1928 ఫిబ్రవరి 17వ తేదీన ఢిల్లీలో సర్వసేనాధిపతి సర్ విలియం బర్డ్‌వుడ్ కార్యాలయపు గదిలో క్లబ్బు స్థాపింపబడినది. బర్డ్‌వుడ్ తొలి అధ్యక్షుడు. స్థాపక సభ్యులు నూరుకు పైగా నుండిరి. అంతకు కొలది నెలల ముందు, 1927 సెప్టెంబరులో, కలకత్తాలో మౌంటెన్ క్లబ్ ఆఫ్ ఇండియా యని వేరొక సంఘము వెలసియుండెను. ఒకే పనికి రెండు సంఘములుండిన ఏమి జరుగునో మన తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. కాని వారు పోట్లాడుకొనలేదు; 1928 డిసెంబరులో కలకత్తా సంఘము హిమాలయన్ క్లబ్బులో లీనమైనది.

క్లబ్బు జీవితమును గూర్చి చదువుచుండగా నాకు తోచినది, దానిలో కొండ కంటె బల్ల యెక్కువయని. 1929లో మేసన్ సంపాదకత్వమున హిమాలయన్ జర్నల్ తొలి సంపుటము వెలువడెను. మేసన్ తరువాత ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడై పోయియు 1940 వరకు ఆ భారము విడువలేదు. గ్రంథాలయ మేర్పడినది. డేరాలు మొదలగు సామగ్రి సభ్యులకు అద్దెకిచ్చు ఏర్పాటు జరిగినది. శ్రీనగరు, డార్జిలింగు వంటి చోట్ల స్థానిక గౌరవ కార్యదర్శులుండిరి. వీరు జీతము లేని సేవకులు. ఎవడో అపరిచితుడు వేయి మైళ్ల దూరమునుండి "నేను వచ్చు మే నెలలో సిక్కిము పోదలచితిని, ఎందరు మనుష్యులు కావలెను, ఎంత పిండి కావలెను?" అని వ్రాసిన, ఓపికతో జవాబు వ్రాయువారు. ఏ సంఘమైనను ఇట్టివారి చేతనే నడచును. ఉగాది సభకు కుర్చీలు వేయించి, తాను కూర్చుండక వెనుక నిలుచుండువాడు మన సంఘమునను లేకపోలేదు.

సర్వే శాఖ మాట వచ్చినది గనుక మన తెలుగునాటి ముచ్చట నొకటి చెప్పి ముందునకు పోయెదను. హిమాలయ శిఖరముల యెత్తు నిర్ణయించిన మహా త్రికోణమితీయ సర్వే 1802లో మదరాసులో ప్రారంభమై దక్షిణమునుండి ఉత్తరమునకు ప్రాకినది. దాని నాయకుడైన లాంబ్టన్‌కు సహాయకుడుగ జార్జి ఎవరెస్టు 1818లో హైదరాబాదు వచ్చి చేరెను. మరుసటి యేడు కృష్ణా గోదావరుల నడిమి అడవులలో కొలతలు తీయుచు విషజ్వరము పాలై, కోలుకొనుటకు 1820లో కేప్ ఆఫ్ గుడ్‌హోప్‌కు పోవలసివచ్చెను. ఆయన పేరు ప్రపంచమున కెల్ల ఎత్తైన శిఖరమునకు పెట్టిరి. ఆ శిఖరమే అన్నిటికంటె నెత్తని 1852లో లెక్కకట్టినవాడు రాధానాథ సిక్దరు. ఆ దినములలో 'కంప్యూటరు' అనగా యంత్రము కాదు, ఆయనవంటి మనుష్యుడే. 1856లో ప్రకటించిన యెత్తు 29,002 అడుగులు. మన అడవులలో ఎవరెస్టుతోపాటు జ్వరపడినవారు, గొలుసులు లాగినవారు, జెండాలు పట్టినవారు ఎవరో పాఠ్యపుస్తకములలో లేదు. వారిలో తెలుగువారును ఉండియుందురు.

ఇక డార్జిలింగు. హిమాలయారోహణ చరిత్రకు గుండెకాయ ఇదియే. నేపాలులోని సోలు ఖుంబు ప్రాంతమునుండి బ్రదుకుతెరువునకై వచ్చిన షెర్పాలు ఇచ్చట కాపురముండిరి. 1920 ప్రాంతమునుండి ఎవరెస్టు యాత్రలన్నియు ఇచ్చటనే మనుష్యులను ఏరుకొనుచుండెను. 1922 జూను 7వ తేదీన ఉత్తరపు కనుమ క్రింద మంచుచరియ విరిగి ఏడుగురు బరువులు మోయువారు మరణించిరి. దొరలలో నెవరికిని ప్రాణాపాయము కలుగలేదు. క్లబ్బు ఏర్పడిన పిమ్మట అచటి గౌరవ కార్యదర్శి షెర్పాల పట్టిక నొకటి తయారుచేయించెను. ప్రతి మనిషికి ఒక సంఖ్య, ఒక చిన్న పుస్తకము. యాత్ర ముగిసినపుడు నాయకుడు అందులో వాని పనితనమును గూర్చి వ్రాసి సంతకము చేయును. మన ఉద్యోగుల వార్షిక రహస్య నివేదిక వంటిది. భేదమేమన, షెర్పా దానిని తన చొక్కాజేబులో పెట్టుకొని తిరుగవలెను, చదువను మాత్రము చాలమందికి రాదు.

ఈ పుస్తకము వానికి అన్నముపెట్టినది. అది లేనివానిని వాకిటనే నిలిపినది కూడ. 1935లో ఎవరెస్టు యాత్రకు ఎరిక్ షిప్టన్ మనుష్యులను ఎన్నుకొనుచుండెను. పంక్తిలో ఇరువదేండ్లు నిండీనిండని యువకుడొకడు చూపుటకు ఏ యోగ్యతాపత్రమును లేక నిలుచుండెను. అనుభవము లేనివానికి యోగ్యతాపత్రము లేదు, అది లేనివానికి అనుభవము దొరకదు. ఈ చక్రవ్యూహమును ఉద్యోగాన్వేషణ చేసిన మన యువకులెల్లరు నెరుగుదురు. ఆ కుఱ్ఱవాని నవ్వు చూచి ముచ్చటపడి షిప్టన్ వానిని తీసికొనెను. వాడే టెన్సింగు నార్గే. పదునెనిమిదేండ్లకు, 1953 మే 29వ తేదీన, ఎడ్మండు హిల్లరీతో కూడ ఎవరెస్టు శిఖరముపై నిలిచెను. షిప్టన్ ఆ ఉదయమున మరొకవైపు చూచియుండిన ఏమగునో!

జర్నల్ సంపుటములలో నన్ను చాలసేపు నిలిపివేసినవి 1930-40 నడిమి పుటలు. 1934లో నంగపర్వతముపై జర్మను బృందము తుపానులో చిక్కుకొనెను. నాయకుడు విల్లీ మెర్కల్ నడువలేక పడిపోయెను. గేలే అను షెర్పా, తాను దిగిపోగల బలముండియు, ఆయనను విడువక అచటనే యుండెను. నాలుగేండ్ల పిమ్మట, 1938లో, వచ్చిన బృందమునకు ఇద్దరి దేహములును ఒక్కచోటనే కనబడెను. ఆ తుపానులో మరణించిన షెర్పాలు ఆరుగురు. 1937లో అదే పర్వతముపై ఒక రాత్రి మంచుచరియ శిబిరము నంతయు కప్పివేయగా 16 మంది గతించిరి. అందు తొమ్మండుగురు షెర్పాలు. 1934 తుపానునుండి బ్రదికివచ్చిన పాసాంగు కికూలీ 1939లో కె2 పర్వతముపై అమెరికను బృందమునకు షెర్పాల నాయకుడు. పైన శిబిరమున డడ్లీ వుల్ఫ్ అను సభ్యుడు ఒంటరిగ చిక్కుపడియుండగా, కికూలీ తోటివాడైన సెరింగుతో మూలశిబిరమునుండి ఆరవ శిబిరమునకు ఒక్క దినములో ఎక్కెను. అట్టి యెక్కుడు అంతకుముందు ఆ పర్వతముపై ఎవరును ఎరుగరు. ఒకసారి వుల్ఫును చేరియు అతడు దిగిరాకపోవుటచే, మరల పాసాంగు కితార్, ఫిన్సూ అనువారితో కలిసి కికూలీ బయలుదేరెను. ముగ్గురును తిరిగిరాలేదు. వుల్ఫును రాలేదు.

ఈ పేర్లు నేడు నేను వ్రాయగలుగుచున్నాననగా, నాడెవరో వ్రాసిపెట్టుటచేతనే గదా! నా తప్పునకు తోడు వెదుకబోయిన నాకు ఇచటనే తల వంగినది. సామ్రాజ్యపు దొరల సంఘమని తేలికగ త్రోసివేయుటకు వీలులేదు. వారు మోసినవారి పేర్లు వ్రాసిరి, సంఖ్యలు వేసిరి, జర్నల్‌లో అచ్చువేసిరి. అయితే ఆ పట్టిక వేరు, సభ్యుల పట్టిక వేరు. ఒకదానిలో చందా కట్టి గ్రంథాలయమున కూర్చుండువారు. రెండవదానిలో ఆ గ్రంథములలోని కథలకు ప్రాణమిచ్చినవారు. ఒక పట్టికనుండి రెండవదానికి ఎక్కుటకు నిచ్చెన యుండెడిది కాదు. క్లబ్బువారే ఈ కొరతను కొంత గుర్తించిరేమో, 1938లో మిక్కిలి యెత్తునకు బరువులు చేర్చిన షెర్పాలకు 'టైగరు' అను బిరుదును, పతకమును ఇయ్య నిశ్చయించి మరుసటి యేటినుండి ఇచ్చిరి. పతకము గలవానికి కూలి యధికము. టెన్సింగునకు ఆ తొలి పతకములలో నొకటి దక్కినది. దానిని ఆయన గర్వముతోనే చెప్పుకొనెను. నేనును దానిని చిన్నచూపు చూడను. కాని బిరుదు వేరు, సభ్యత్వము వేరు. మన కార్యాలయములలో ఉత్తమ సేవకు ఇచ్చు ప్రశంసాపత్రమునకు, పదోన్నతికి ఎంత దూరమో అంత.

1947 తరువాత ఆంగ్లసభ్యు లనేకులు స్వదేశమునకు వెడలిపోయిరి. క్లబ్బు నిలుచునా యను సందేహము కలిగినది. నిలిచినది, కార్యస్థానము కలకత్తాకు, తరువాత 1970 దశకమున బొంబాయికి మారినది. జర్నల్ ఆగిపోలేదు. భారతీయులు సభ్యులై పగ్గములు చేపట్టిరి. డార్జిలింగులో 1950 దశకమున గౌరవ కార్యదర్శిగ నుండిన జిల్ హెండర్సన్ షెర్పా కుటుంబములకు చేసిన సహాయము పేరెన్నిక గన్నది. ఆ కాలముననే షెర్పాలు తమ సొంత సంఘమును బలపరచుకొనిరి. టెన్సింగు దానికి అధ్యక్షుడయ్యెను. కూలిరేట్లు, గాయపడినవానికి, చచ్చినవాని భార్యాబిడ్డలకు నష్టపరిహారము, ఏ యాత్రకు ఎవరు పోవలెనను ఏర్పాటు ఇవన్నియు తామే చూచుకొందు మనిరి. క్లబ్బుతో కొంత ఘర్షణ కలిగెను. కలుగక యేమి చేయును? ఇరువదేండ్లుగ ఒకరి చేతనున్న పట్టిక అందలి మనుష్యుల చేతికే వచ్చినది.

1954 నవంబరు 4వ తేదీన డార్జిలింగులో జవాహర్‌లాల్ నెహ్రూ హిమాలయ పర్వతారోహణ శిక్షణాలయమును ప్రారంభించెను. మేజరు నరేంద్రధర్ జయాల్ తొలి ప్రిన్సిపాలు. టెన్సింగు క్షేత్రశిక్షణకు డైరెక్టరు. యోగ్యతాపత్రము లేని కుఱ్ఱవాడు ఇప్పుడు ఇతరుల యోగ్యతను నిర్ణయించు స్థానమున కూర్చుండెను.

ఢిల్లీలో మరల సచివాలయమువారే నడుము కట్టిరి. 1958 నాటి చో ఓయూ యాత్రకై ఏర్పడిన సహాయక సంఘమే ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషనుగ పరిణమించి 1961లో రిజిష్టరైనది. తరువాత కాబినెటు కార్యదర్శియైన యస్.యస్. ఖేరా దాని తొలి అధ్యక్షుడు. రక్షణశాఖకు చెందిన హెచ్.సి. సరీన్ పిమ్మట వచ్చెను. ఎవరెస్టుపై 1960లోను 1962లోను మన బృందములు శిఖరమునకు కొలది వందల అడుగుల దూరమునుండి మరలివచ్చెను. 1965లో నౌకాదళోద్యోగి యం.యస్. కోహ్లీ నాయకత్వమున తొమ్మండుగురు శిఖర మెక్కిరి. ఆ తొమ్మండుగురి పేర్లు చూడుడు: చీమా, నవాంగ్ గోంబు, సోనమ్ గ్యాత్సో, సోనమ్ వాంగ్యాల్, జియలాజికల్ సర్వే ఉద్యోగియైన వోహ్రా, ఆంగ్ కామీ, అహ్లూవాలియా, రావత్, ఫూ దోర్జీ. సైనికుడు, శాస్త్రజ్ఞుడు, షెర్పా ఒకే పట్టికలో, ఒకే వరుసలో నున్నారు. "తొమ్మండుగురు భారతీయులు" అని నాటి దేశమంతయు పొంగిపోయినది. గోంబు టెన్సింగు మేనల్లుడు. 1963లో అమెరికను బృందముతో ఒకసారి ఎక్కియుండుటచే, ప్రపంచమున రెండుమారు లెవరెస్టు నెక్కిన మొదటి మనుష్యుడయ్యెను. కాగితముమీద ఇది చిన్న మార్పు. నేను దానిని శిఖరముకంటె పెద్దదిగ నెంచుచున్నాను; ఉద్యోగరీత్యా కాగితముల మనిషిని గనుక నా మాటకు కొంత తరుగు వేసికొనవచ్చును.

ఈ కథ అంతటితో చక్కబడినదని వ్రాసిన అసత్యమగును. 2014 మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, పదునాలుగేండ్లయినను నిండకమునుపే, టిబెట్టువైపునుండి ఎవరెస్టు నెక్కినది. ఖమ్మము జిల్లావాడైన ఆనందకుమారు ఆమెతో కూడ నుండెను. భువనగిరి బండపై మొదటి పాఠములు, డార్జిలింగు శిక్షణాలయమున తరువాతి పాఠములు నేర్చిన పిల్లలు వారు. ఆ సంవత్సరము మన సంఘములన్నియు వారిని కొనియాడినవి. మన సంచికలోను వారి ఫొటో ముఖపత్రమై నిలిచినది. అందుకు సుమారు ఐదు వారముల ముందు, ఏప్రిలు 18వ తేదీన, అదే పర్వతపు నేపాలువైపున ఖుంబు హిమపాతమున మంచుగుట్ట విరిగిపడి, ఇతరులకై త్రోవ వేయుచు బరువులు చేర్చుచుండిన 16 మంది నేపాలీయులు మరణించిరి. మిక్కిలి మంది షెర్పాలు. ఆ సంచికను మొన్న తిరుగవేసితిని. ఆ పదునార్గురిని గూర్చి ఒక్క పంక్తియు లేదు. ఆ సంచికకు వ్యాసములు సరిచూచినవారిలో నేనొకడను.

గ్రంథాలయమునుండి వచ్చిన వారమున, మాకు మనుష్యులను కుదిర్చిన సాంక్రీ దుకాణదారునకు ఫోను చేసితిని. మూడేండ్లనాటి పేర్లు ఇప్పు డెందులకని ఆయన ఆశ్చర్యపడెను. ఏదైన పోలీసు విచారణయా యని కూడ అడిగెను. కాదని చెప్పి నమ్మించుటకు చాలసేపు పట్టినది. రెండు దినములు పోయిన పిమ్మట నాలుగు పేర్లు చెప్పెను. ఐదవవాడు పైయూరివాడట, ఆ యేటి పిమ్మట పనికి రాలేదట, పేరు తనకును జ్ఞాపకము లేదట. జాడీ మోసినవాడెవరని యడిగితిని. అతడే నట.

ఆ నాలుగు పేర్లను కార్యదర్శిగారికి పంపితిని. పాత నివేదిక ఫైలులో 13 మంది పేర్ల క్రింద, 14 మొదలు 17 వరకు, వానిని చేర్చిరి. 18వ అంకె వేసి, ప్రక్కన ఖాళీ యుంచుమని కోరితిని. ఈ చైత్రమున మరల ఆ వైపునకు పోదలచినవారు మనలో ఆరుగురు కలరు.